మీకు తెలుసా? ఐస్ హాకీలో తప్పుకు ఖరీదు నిమిషాల్లో కట్టాలి

ఐస్ హాకీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి ఫోన్‌లో తిరిగే కొట్లాట వీడియోలే. చేతి తొడుగులు అవతల పారేసి ఇద్దరు ఆటగాళ్లు పిడిగుద్దులు గుద్దుకుంటుంటే, రిఫరీలు చుట్టూ నిలబడి చూస్తుంటారు. అది చూసి ఈ ఆటకు అడ్డూ అదుపూ లేదనుకుంటాం. నిజానికి తప్పొప్పులను ఇంత సన్నగా తూచే ఆటలు చాలా తక్కువ. కర్ర ఎంత వంగి ఉండాలి, హెల్మెట్ ఊడితే ఏం చేయాలి, రక్తం కారితే శిక్ష ఎంత పెరగాలి అన్నీ రాసిపెట్టి ఉంటాయి. అమెరికా, కెనడాల్లో సాగే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, 1917లో పుట్టింది. అప్పటి నుంచి దాని నిబంధనల పుస్తకం పెరుగుతూనే ఉంది. అందులో చాలా పేరాలకు ఒక తేదీ, ఒక ఊరు, ఒక ఆటగాడి పేరు ఉన్నాయి. ఎవరో ఒకరు ఒక లొసుగు కనిపెట్టడమో, ఎవరికో ఒకరికి దెబ్బ తగలడమో జరిగాకే ఆ పేరా పుట్టింది. డాలస్‌లోనో, టొరంటోలోనో, న్యూజెర్సీలోనో ఉన్న మీవాళ్లు ఎప్పుడైనా మ్యాచ్‌కు తీసుకెళ్తే, ఈ సంగతులు తెలిసుంటే ఆట రెండింతలు రుచిస్తుంది.

1. తప్పు ఒకడిది, లోటు జట్టు మొత్తానిది

మంచు మీద ఒక్కో జట్టుకు ఆరుగురు ఉంటారు: గోల్ కాచే గోలీ ఒకరు, మిగతా ఐదుగురు. ఆటకు 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. తప్పు చేసినవాడు పక్కనే ఉన్న పెనాల్టీ బాక్స్‌లోకి వెళ్లి కూర్చోవాలి. మామూలు తప్పుకు 2 నిమిషాలు. అంతసేపూ అతని స్థానంలో మరొకరు దిగడానికి వీల్లేదు. నలుగురే ఐదుగురిని తట్టుకోవాలి. ఎక్కువమంది ఉన్న జట్టుకు దొరికిన ఆ అవకాశమే పవర్ ప్లే.

కబడ్డీలో మనవాళ్లు పాయింటు తెస్తే బయట కూర్చున్నవాడు లోపలికొస్తాడు. ఇక్కడ తిరగేసి ఉంటుంది. అవతలి జట్టు గోల్ కొడితే బాక్స్‌లో ఉన్నవాడికి విడుదల. తన తప్పు వల్లే గోల్ పడిందని అరేనాలో అందరికీ తెలిసిపోయిన క్షణంలో అతను తలుపు తీసుకుని బయటికి రావాలి. జరిమానా డబ్బుకన్నా ఇది ఎక్కువ గుచ్చుకుంటుంది.

2. అన్ని శిక్షలూ ఒకటి కావు

• మైనర్: 2 నిమిషాలు. అవతలివాళ్లు గోల్ కొడితే అక్కడితో సరి.

• డబుల్ మైనర్: 4 నిమిషాలు. పైకెత్తిన కర్ర ఎదుటివాడి ముఖానికి తగిలి గాయమైతే సాధారణంగా ఇదే పడుతుంది. రిఫరీ దగ్గరికొచ్చి రక్తం ఉందా అని చూడటం మీరు గమనించవచ్చు.

• మేజర్: 5 నిమిషాలు. అవతలివాళ్లు ఎన్ని గోల్స్ కొట్టినా శిక్ష తగ్గదు.

• మిస్‌కాండక్ట్: 10 నిమిషాలు. ఆటగాడు బయటే కూర్చుంటాడు కానీ బదులు మరొకరు దిగొచ్చు. జట్టుకు సంఖ్య తగ్గదు. నోటి దురుసుకు ఎక్కువగా ఇదే.

• గేమ్ మిస్‌కాండక్ట్: ఆ మ్యాచ్‌కు ఇక సెలవు.

• మ్యాచ్ పెనాల్టీ: కావాలని గాయపరిస్తే వేసేది. ఆటగాడు వెళ్లిపోతాడు, అతని 5 నిమిషాలు సహచరుడు బాక్స్‌లో కూర్చుని తీరుస్తాడు. లీగ్ కమిషనర్ తేల్చేదాకా అతను మళ్లీ ఆడకూడదు.

3. గుద్దుకోవడం తప్పు కాదు

పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, దగ్గరున్న ఆటగాడిని భుజంతో బలంగా ఢీకొట్టడం ఈ ఆటలో న్యాయమే. హద్దు దాటితేనే శిక్ష. కర్రతోనో కాలితోనో పడేస్తే ట్రిప్పింగ్. కర్ర వంపు తగిలించి వెనక్కి లాగితే హుకింగ్. కర్రతో కొడితే స్లాషింగ్. రెండు చేతులతో పట్టుకున్న కర్రను అడ్డంగా పెట్టి నెడితే క్రాస్ చెకింగ్. పక్ లేనివాడిని అడ్డుకుంటే ఇంటర్‌ఫియరెన్స్. తట్టుకునే స్థితిలో లేనివాడిని మైదానం చుట్టూ ఉన్న గోడకు ప్రమాదకరంగా గుద్దితే బోర్డింగ్. ఆఖరుది అన్నిటికన్నా భయంకరం. గోడకు నాలుగైదు అడుగుల దూరంలో వీపు చూపి ఉన్నవాడిని నెడితే, చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు.

4. 44 సెకన్లలో మూడు గోల్స్, ఒక కొత్త నిబంధన

గోల్ పడగానే మైనర్ శిక్ష ముగియడం మొదటి నుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు ఎన్ని గోల్స్ పడ్డా 2 నిమిషాలూ కూర్చోవలసిందే. 1950ల్లో మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు పవర్ ప్లే అంటే మిగతావాళ్లకు వణుకు. 1955 నవంబరు 5న బోస్టన్ బ్రూయిన్స్ మీద ఆ జట్టు ఆటగాడు జాన్ బెలివో ఒకే పవర్ ప్లేలో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టాడు. ఒక్క తప్పుకు ఇంత మూల్యమా అని మిగతా జట్లు గగ్గోలు పెట్టాయి. 1956లో నిబంధన మారింది. ఒక్క గోల్ పడితే చాలు, శిక్ష ముగిసినట్టే. మాంట్రియల్ ఒక్కటే దాన్ని వ్యతిరేకించింది.

5. రిఫరీ చెయ్యెత్తినా ఈల వేయడు

ఒక జట్టు తప్పు చేసినప్పుడు పక్ రెండో జట్టు దగ్గరే ఉంటే రిఫరీ చెయ్యి పైకెత్తి ఊరుకుంటాడు. తప్పు చేసిన జట్టు పక్‌ను తన అదుపులోకి తెచ్చుకున్నాకే ఈల మోగుతుంది. అంటే, ఆ లోపు వాళ్లు గోల్ కొట్టే దారే లేదు. అందుకే అన్యాయానికి గురైన జట్టు గోలీ తన గోల్ ఖాళీగా వదిలి బెంచ్ వైపు పరుగెత్తుతాడు, ఆయన బదులు ఆరో దాడి ఆటగాడు దిగుతాడు.

దారే లేదన్నది పూర్తిగా నిజం కాదని 1979 నవంబరు 28న డెన్వర్‌లో తేలింది. న్యూయార్క్ ఐలాండర్స్ తప్పు చేసింది, కొలరాడో రాకీస్ గోలీ గోల్ వదిలి బెంచ్‌కు వెళ్లాడు. కొలరాడో ఆటగాడు రాబ్ రమాజ్ వెనక తనవాడు ఉన్నాడనుకుని పక్ వెనక్కి తోశాడు. అక్కడ ఎవరూ లేరు. పక్ మైదానం పొడవునా జారుకుంటూ పోయి వాళ్ల ఖాళీ గోల్‌లోనే పడింది. ఐలాండర్స్ వైపు నుంచి ఆ పక్‌ను చివరగా తాకినవాడు గోలీ బిల్లీ స్మిత్. అలా ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో గోల్ తన ఖాతాలో పడ్డ మొదటి గోలీ ఆయనే అయ్యాడు.

6. సంజ్ఞలు నేర్పిన రిఫరీకి ఒక కన్ను కనిపించదు

ఇప్పుడు రిఫరీ ఏ తప్పుకు శిక్ష వేశాడో చేతుల కదలిక చూసి ఆఖరి వరుసలో ఉన్నవాళ్లు కూడా చెప్పేస్తారు. అరుపుల హోరులో మాట వినపడదు కాబట్టి ఇలా చేతులతో చెప్పడం 1940ల్లో రిఫరీ బిల్ చాడ్విక్ మొదలుపెట్టాడని చెబుతారు. తర్వాత లీగ్ దాన్ని అందరికీ పద్ధతిగా పెట్టింది. చాడ్విక్ యువకుడిగా ఆడుతుండగా పక్ తగిలి కుడి కంటి చూపు పోయింది. ఆ తర్వాతే రిఫరీ అయ్యి, ప్రపంచంలోనే అతి వేగంగా సాగే ఆటల్లో ఒకదానికి ఏళ్ల తరబడి తీర్పులు చెప్పాడు. 1964లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చారు.

7. ముగ్గురికన్నా తగ్గరు

ఒకే జట్టులో ఇద్దరు బాక్స్‌లో ఉండగా మూడోవాడు కూడా తప్పు చేస్తే? అతనూ వెళ్లి కూర్చుంటాడు, కానీ బదులు ఒకరు దిగుతారు. అతని గడియారం ముందున్న శిక్షల్లో ఒకటి పూర్తయ్యాకే మొదలవుతుంది. గోలీ కాక ముగ్గురైనా మంచు మీద ఉండి తీరాలి.

2015-16 నుంచి మామూలు సీజన్ ఓవర్‌టైమ్ ముగ్గురు ముగ్గురితోనే ఆడుతున్నారు. అక్కడ ఎవరైనా తప్పు చేస్తే తగ్గించడానికి మనిషి లేడు. అందుకని అవతలి జట్టుకే ఒకరిని పెంచి నలుగురిని చేస్తారు.

8. ఒకప్పుడు గోలీలూ బాక్స్‌లో కూర్చునేవారు

ఇప్పుడు గోలీ మామూలు తప్పు చేస్తే అతని బదులు సహచరుడు శిక్ష తీరుస్తాడు. 1930ల్లో అలా కాదు. 1932 మార్చి 15న బోస్టన్‌లో టొరంటో గోలీ లార్న్ షాబో ఎదుటివాడిని పడేసి 2 నిమిషాలు బాక్స్‌లోకి వెళ్లాడు. టొరంటో రక్షణ ఆటగాళ్లు రెడ్ హార్నర్, అలెక్స్ లెవిన్‌స్కీ, కింగ్ క్లాన్సీ ఒకరి తర్వాత ఒకరు గోల్ ముందు నిలబడ్డారు. ముగ్గురూ తలా ఒక గోల్ ఇచ్చుకున్నారు. బోస్టన్ 6-2తో గెలిచింది.

ఇంకా వెనక్కి వెళ్తే, లీగ్ మొదలైన ఏడాది గోలీ మంచు మీద పడి పక్ ఆపడమే తప్పు. నిలబడే ఆపాలి. ఒటావా గోలీ క్లింట్ బెనెడిక్ట్ జారిపడినట్టు నటిస్తూ మాటిమాటికీ మోకాళ్ల మీద కూలబడేవాడు. ప్రతిసారీ అది నటనో కాదో తేల్చలేక 1918 జనవరిలో లీగ్ ఆ నిబంధనే ఎత్తేసింది. ఇవాళ ప్రతి గోలీ మోకాళ్ల మీద వాలి ఆపే ఆటంతా అక్కడ దొరికిన స్వేచ్ఛే.

9. తక్కువమంది ఉన్నవాళ్లూ గోల్ కొడతారు

నలుగురితో ఐదుగురిని ఆపడాన్ని పెనాల్టీ కిల్ అంటారు. ఇది ప్రత్యేక విద్య. నలుగురూ చతురస్రంగా నిలబడి గోల్ ముందు చోటు మూసేస్తారు, కొట్టిన పక్‌కు ఒళ్లు అడ్డం పెడతారు. వాళ్లకు ఒక చిన్న వెసులుబాటు ఉంది. మామూలుగా సగం మైదానం అవతలి నుంచి పక్‌ను ఆ చివరిదాకా ఊరికే కొట్టేస్తే ఆట ఆపి వెనక్కి తెస్తారు. సంఖ్య తక్కువున్న జట్టు మాత్రం అలా కొట్టి ఊపిరి పీల్చుకోవచ్చు.

అవకాశం దొరికితే ఎదురుదాడి కూడా చేస్తారు. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఆటగాడు మారియో లెమ్యూ 1988-89 సీజన్‌లో తన జట్టుకు మనిషి తక్కువున్నప్పుడే 13 గోల్స్ కొట్టాడు. అది లీగ్ రికార్డు. ఆ సీజన్‌లోనే 1988 డిసెంబరు 31న న్యూజెర్సీ డెవిల్స్ మీద ఐదు గోల్స్ ఐదు రకాలుగా కొట్టాడు: సమాన సంఖ్యలో ఒకటి, పవర్ ప్లేలో ఒకటి, మనిషి తక్కువున్నప్పుడు ఒకటి, పెనాల్టీ షాట్‌తో ఒకటి, ఖాళీ గోల్‌లోకి ఒకటి. శిక్షల చట్టమంతా ఒక్క రాత్రి స్కోరు పట్టీలో కనిపించింది.

2024 జనవరిలో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ ఇంకో మెట్టు ఎక్కింది. తక్కువమంది ఉన్న జట్టు గోల్ కొడితే మైనర్ శిక్షలో ఉన్న వాళ్ల ఆటగత్తె వెంటనే బాక్స్ నుంచి బయటికి రావచ్చు. రక్షణకే పరిమితమైన 2 నిమిషాలకు ఇది కొత్త ప్రాణం పోసింది. ఎన్‌హెచ్‌ఎల్ కూడా దీన్ని తెచ్చుకుంటే బాగుంటుంది.

10. పెనాల్టీ షాట్ పుట్టింది పసిఫిక్ తీరంలో

గోలీ ఒక్కడే ఎదురుగా ఉన్నప్పుడు దూసుకెళ్తున్నవాడిని వెనక నుంచి పడేస్తే 2 నిమిషాల శిక్ష సరిపోదు. పోయిన అవకాశాన్ని తిరిగి ఇవ్వాలి. ఈ ఆలోచన కెనడా పశ్చిమ తీరంలో సొంత లీగ్ నడిపిన పాట్రిక్ సోదరులది. 1921లో అక్కడ మొదలైంది. ఎన్‌హెచ్‌ఎల్ 1934లో తీసుకుంది. ఆ నవంబరు 10న మాంట్రియల్ ఆటగాడు అర్మాండ్ మోండూ కొట్టిన తొలి షాట్‌ను గోలీ ఆపేశాడు. మూడు రోజులకే సెయింట్ లూయిస్ ఈగల్స్ తరఫున స్కాటీ బౌమన్ తొలి గోల్ కొట్టాడు. అవతలి గోల్‌లో గోలీ లేనప్పుడు ఇలా వెనక నుంచి పడేస్తే షాట్ కూడా అక్కర్లేదు, నేరుగా గోల్ ఇచ్చేస్తారు.

11. ఒక జట్టుకు కళ్లెం వేయడానికే నిబంధన

రెండు జట్ల నుంచీ ఒక్కొక్కరు ఒకేసారి మైనర్ తప్పు చేస్తే నలుగురు నలుగురితో ఆడతారు. మంచు మీద చోటు పెరుగుతుంది, వేగం ఉన్నవాళ్లకు పండగ. 1980ల్లో వేన్ గ్రెట్స్‌కీ ఉన్న ఎడ్మంటన్ ఆయిలర్స్‌కు ఇది మరీ లాభించింది. 1985లో లీగ్ ఆ పద్ధతి తీసేసి, ఇద్దరు బాక్స్‌లో ఉన్నా ఐదుగురు ఐదుగురే ఆడాలంది. ప్రేక్షకులు మెచ్చే ఆటను నిబంధనతో కట్టేయడం అన్యాయమని గ్రెట్స్‌కీ అభిమానులు ఇప్పటికీ అంటారు. వాళ్ల మాటే న్యాయం. 1992లో లీగ్ పాత పద్ధతికే తిరిగొచ్చింది.

12. కర్ర వంపు కొలిచిన రాత్రి

1993 జూన్ 3, మాంట్రియల్. ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌లో రెండో మ్యాచ్. లాస్ ఏంజెలెస్ కింగ్స్ మొదటి మ్యాచ్ గెలిచింది. ఇప్పుడూ 2-1 ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి 1 నిమిషం 45 సెకన్లు. మాంట్రియల్ కోచ్ జాక్ డెమర్స్ రిఫరీని పిలిచి, లాస్ ఏంజెలెస్ ఆటగాడు మార్టీ మెక్‌సార్లీ కర్ర కొలవమన్నాడు. కర్ర కొస ఎక్కువ వంగితే పక్‌ను లేపి కొట్టడం తేలిక. అప్పట్లో అర అంగుళం వంపు దాటకూడదు. కొలిచి చూసి కర్ర సరిగ్గానే ఉందని తేలితే శిక్ష మాంట్రియల్‌కే పడేది. ఓడిపోతున్న మ్యాచ్‌లో ఆఖరి క్షణాల్లో ఇంకో మనిషిని పోగొట్టుకోవడమంటే ఇక అంతే.

రిఫరీ కొలమానం పెట్టి చూశాడు. వంపు ఎక్కువే ఉంది. మెక్‌సార్లీ బాక్స్‌కు వెళ్లాడు. డెమర్స్ గోలీని కూడా బయటికి పిలిచి ఆరుగురితో నలుగురి మీద దాడికి పంపాడు. రక్షణ ఆటగాడు ఎరిక్ డెజార్డన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్ మొదలైన 51 సెకన్లకు మళ్లీ అతనే కొట్టాడు. ఆ మ్యాచ్‌లో మూడు గోల్సూ అతనివే. స్టాన్లీ కప్ ఫైనల్లో ఒక రక్షణ ఆటగాడు హ్యాట్రిక్ కొట్టడం అదే మొదటిసారి. మాంట్రియల్ మిగతా మూడూ గెలిచి కప్పు ఎత్తింది. ఆ తర్వాత 2025 వరకు ఏ కెనడా జట్టూ ఆ కప్పు గెలవలేదు.

13. ఒక్కడు ఎక్కువైనా కొంప మునుగుతుంది

ఆట ఆగకుండానే ఆటగాళ్లు మారుతుంటారు. ఒకరు బయటికి వెళ్లేలోపు ఇంకొకరు మంచు మీదికొచ్చి ఆటలో వేలు పెడితే జట్టుకు 2 నిమిషాలు. 1979 మే 10న మాంట్రియల్‌తో సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో బోస్టన్ 4-3తో ముందుంది. ఆట ముగియడానికి రెండున్నర నిమిషాలుండగా మంచు మీద బోస్టన్ ఆటగాళ్లు ఎక్కువయ్యారు. ఆ పవర్ ప్లేలో మాంట్రియల్ ఆటగాడు గీ లఫ్లూర్ సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో ఇవాన్ లాంబేర్ గెలిపించాడు. బోస్టన్ కోచ్ డాన్ చెర్రీ ఆ తర్వాత మళ్లీ ఆ జట్టుకు పనిచేయలేదు.

14. ఒక్క రోజులో వచ్చిన నిషేధం

2008 ఏప్రిల్ 13న న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు షాన్ ఎవరీ ఆటకు వీపు పెట్టి, డెవిల్స్ గోలీ మార్టిన్ బ్రోడర్ ముఖం ముందు కర్ర, చేతులు ఊపుతూ నిలబడ్డాడు. చూపు మూసేయడమే ఉద్దేశం. పుస్తకంలో ఎక్కడా అది తప్పని లేదు. మర్నాడే లీగ్ ప్రకటన ఇచ్చింది: ఇక మీదట అలా చేస్తే మైనర్ పెనాల్టీ.

15. ఇవీ తప్పులే

• కర్ర విరిగితే చేతిలో ఉన్న ముక్క వెంటనే పడేయాలి. దానితో ఆడితే మైనర్. గోలీకి మాత్రం మినహాయింపు.

• తమ రక్షణ భాగం నుంచి పక్‌ను నేరుగా అద్దం మీదుగా జనంలోకి కొడితే, పొరపాటున కొట్టినా సరే, 2 నిమిషాలు. 2005 నుంచి ఉన్న నిబంధన ఇది.

• హెల్మెట్ ఊడితే పెట్టుకోవాలి లేదా బయటికి వెళ్లాలి. తల మీద ఏమీ లేకుండా ఆడుతూ ఉంటే మైనర్. ఇది 2019 నుంచి.

• గోల్ చెల్లదని కోచ్ వీడియో సమీక్ష అడిగి ఓడిపోతే జట్టుకు 2 నిమిషాలు. రెండోసారీ ఓడితే 4.

• తగలని దెబ్బకు పడిపోయినట్టు నటిస్తే నటించినవాడికీ శిక్ష. మళ్లీ మళ్లీ చేస్తే జరిమానా పెరుగుతూ పోతుంది.

16. పెనాల్టీ బాక్స్ రెండుగా చీలిన కథ

1963 వరకు చాలాచోట్ల రెండు జట్లవాళ్లూ ఒకే బాక్స్‌లో పక్కపక్కన కూర్చునేవారు. మంచు మీద కొట్టుకుని వచ్చినవాళ్లను ఒకే బెంచీ మీద కూర్చోబెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. 1963 అక్టోబరు 30న టొరంటోలో మాంట్రియల్ ఆటగాడు టెర్రీ హార్పర్, టొరంటో ఆటగాడు బాబ్ పుల్‌ఫర్డ్ బాక్స్‌లోనే మళ్లీ తలపడ్డారు. కొద్ది రోజుల్లోనే టొరంటో వేర్వేరు బాక్సులు కట్టింది. తర్వాత లీగ్ అన్ని అరేనాలకూ దాన్ని తప్పనిసరి చేసింది.

17. కొట్లాటకు ఐదు నిమిషాలు

ఎన్‌హెచ్‌ఎల్‌లో పిడిగుద్దులకు మేజర్ పెనాల్టీ, 5 నిమిషాలు. 1922 నుంచి ఇదే పద్ధతి. ఇద్దరూ కూర్చుంటారు, జట్ల సంఖ్య తగ్గదు. ఇద్దరి మధ్యకు మూడోవాడు దూరితే మ్యాచ్ నుంచే పంపేస్తారు. గొడవ మొదలెట్టినవాడికి అదనంగా 2 నిమిషాలు, ఆపైన 10 నిమిషాల మిస్‌కాండక్ట్. ఒలింపిక్స్‌లో, ప్రపంచ పోటీల్లో కొట్లాటకు దిగితే నేరుగా మ్యాచ్ నుంచి బయటికే.

ఎన్‌హెచ్‌ఎల్ మెత్తదనం ఎక్కడిదాకా పోయిందో లెక్కలు చెబుతాయి. ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఆటగాడు డేవ్ షుల్ట్స్ 1974-75 సీజన్‌లో 472 నిమిషాల శిక్షలు మూటగట్టుకున్నాడు, అంటే దాదాపు ఎనిమిది గంటలు. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. 2004 మార్చి 5న ఫిలడెల్ఫియా, ఒటావాల మధ్య 60 నిమిషాల మ్యాచ్‌లో రెండు జట్లకూ కలిపి 419 నిమిషాల శిక్షలు పడ్డాయి. ఒక్కొక్కరి శిక్షనూ విడివిడిగా కూడతారు కాబట్టే ఆ అంకె అంత పెద్దది.

అంకెల కింద మనుషులున్నారు. కొట్లాటలకే పేరుపడ్డ డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే చనిపోయాడు. పదేపదే తలకు దెబ్బలు తగిలేవారిలో వచ్చే మెదడు క్షీణత జబ్బు ఆయనకు ఉన్నట్టు బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించారు. క్విబెక్‌లోని జూనియర్ లీగ్ 2023 నుంచి కొట్లాడినవాడిని మ్యాచ్ నుంచి పంపేస్తోంది. పెద్ద లీగ్ కూడా ఆ దారి పట్టాల్సిందే. కర్ర వంపు కొలిచే ఆటకు మెదడు విలువ కొలవడం చేతకాకపోదు.

18. తలకు తగిలిన దెబ్బ తప్పు కాని రోజు

2010 మార్చి 7న పిట్స్‌బర్గ్ ఆటగాడు మ్యాట్ కుక్, బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్‌ను కనిపించని పక్క నుంచి వచ్చి తల మీద భుజంతో గుద్దాడు. సవార్డ్ స్ట్రెచర్ మీద బయటికి వెళ్లాడు. కుక్‌కు శిక్ష లేదు, సస్పెన్షన్ లేదు. కారణం ఒక్కటే: భుజంతో గుద్దడం న్యాయం, తల గురించి పుస్తకంలో లేదు. అదే నెలలో లీగ్ హడావిడిగా నిబంధన తెచ్చింది, తర్వాతి సీజన్ నుంచి అది పుస్తకంలో 48వ నిబంధన అయ్యింది. 2011 జనవరిలో సవార్డ్‌కు మళ్లీ తలకు దెబ్బ తగిలింది. ఆ తర్వాత ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. నిబంధన వచ్చింది. ఆయనకు మాత్రం ఆలస్యంగా వచ్చింది.

19. ఐదు నిమిషాలు, నాలుగు గోల్స్

2019 ఏప్రిల్ 23, తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే శాన్ హోసే. ప్లేఆఫ్స్ తొలి రౌండ్ ఏడో మ్యాచ్. వేగస్ గోల్డెన్ నైట్స్ 3-0తో ముందుంది, మిగిలింది 11 నిమిషాల లోపు. పక్ వేసి ఆట మొదలెట్టగానే వేగస్ ఆటగాడు కోడీ ఈకిన్ కర్రతో శాన్ హోసే కెప్టెన్ జో పావెల్‌స్కీ ఛాతీని నెట్టాడు. తూలిన పావెల్‌స్కీకి ఇంకొకరు తగిలారు, తల మంచుకు కొట్టుకుంది, రక్తం కారింది. రిఫరీలు 5 నిమిషాల మేజర్ వేసి, ఈకిన్‌ను బయటికి పంపారు.

మేజర్ కాబట్టి గోల్ పడ్డా శిక్ష ఆగదు. లోగన్ కుటూర్ కొట్టాడు. టోమాష్ హెర్టెల్ కొట్టాడు. మళ్లీ కుటూర్. తర్వాత కెవిన్ లబాంక్. 4 నిమిషాల 1 సెకనులో నాలుగు గోల్స్. వేగస్ ఆఖరి నిమిషంలో సమం చేసినా ఓవర్‌టైమ్‌లో బార్‌క్లే గుడ్రో గోల్‌తో శాన్ హోసే గెలిచింది. ఆ తప్పు అంత శిక్షకు తగినదా అన్న వాదన రగిలింది. తర్వాతి సీజన్ నుంచి రిఫరీలు తాము వేసిన మేజర్ పెనాల్టీని వీడియోలో మళ్లీ చూసుకునే ఏర్పాటు వచ్చింది. చూసి, తగ్గించవచ్చు కూడా.

20. బాక్స్ దాటిన శిక్షలు

2011లో లీగ్ ఆటగాళ్ల భద్రతా విభాగం పెట్టింది. ప్రమాదకరమైన దెబ్బలను మ్యాచ్ తర్వాత పరిశీలించి జరిమానా, సస్పెన్షన్ వేస్తుంది. ఎందుకు వేసిందో వీడియోతో వివరించి అందరి ముందూ పెడుతుంది. తీర్పుకు కారణం చెప్పడం మంచి పద్ధతి.

1927 స్టాన్లీ కప్ ఫైనల్లో రిఫరీల మీద చేయి చేసుకున్న బోస్టన్ ఆటగాడు బిల్లీ కూటూకు జీవితకాల నిషేధం పడింది. ఆయన మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. 1955 మార్చిలో లైన్స్‌మన్‌ను కొట్టిన మోరీస్ రిషార్‌ను మిగిలిన సీజన్ మొత్తానికీ పక్కన పెడితే, మార్చి 17న మాంట్రియల్ వీధులు అల్లర్లతో అట్టుడికిపోయాయి. ఫ్రెంచ్ మాట్లాడే జనం తమ మనిషికి అన్యాయం జరిగిందనుకున్నారు. మర్నాడు రిషారే రేడియోలో శాంతించమని కోరాడు.

21. ఏడాదంతా ఒక్క నిమిషం కూడా లేకుండా

మర్యాదగా ఆడేవారికీ ఒక బహుమతి ఉంది. కెనడా గవర్నర్ జనరల్ భార్య లేడీ ఎవెలిన్ బింగ్ 1925లో ఇచ్చిన ట్రోఫీ అది. న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు ఫ్రాంక్ బౌచర్ ఎనిమిదేళ్లలో ఏడుసార్లు గెలిస్తే, లేడీ బింగ్ అసలు ట్రోఫీని ఆయనకే ఇచ్చేసి కొత్తది చేయించారు.

1948-49లో డెట్రాయిట్ ఆటగాడు బిల్ క్వాకెన్‌బుష్ ఆ ట్రోఫీ గెలిచాడు. ఆయన రక్షణ ఆటగాడు. దూసుకొచ్చేవాళ్లను ఆపడమే పని, అంటే శిక్షలు ఎక్కువగా పడే స్థానం. ఆ సీజన్‌లో 60 మ్యాచ్‌లు ఆడి ఒక్క నిమిషం కూడా బాక్స్‌లో కూర్చోలేదు. ఆ ట్రోఫీ అందుకున్న మొదటి రక్షణ ఆటగాడు ఆయనే. శిక్షలు లేకుండా ఈ ఆట ఆడలేమనేవాళ్లకు ఆ 60 మ్యాచ్‌లే జవాబు.